ఫోము అడుగున రాత

బండి సీటుకి పైన కనిపించేది రెక్సిను. లోపల ఉండేది ఫోము, అడుగున ఉండేది గట్టి ప్లాస్టిక్ ప్లేటు. ఈ మూడింటితో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఆమె. అసలు పేరు బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఎదురుగా అందరూ "అక్కా" అంటారు, వెనక్కి తిరగ్గానే "దబ్బనం" అంటారు. తోలూ గోనెలూ కుట్టే లావుపాటి సూది ఉంటుంది చూడండి, ఆమె నోరు అచ్చం అలాంటిదని బజారంతా ఎప్పుడో తీర్మానించేసింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి కూడా నోరు తగ్గించుకోలేదంటే, ఆ పేరు ఆమెకి నచ్చిందనే అనుకోవాలి.

కొట్టు చిన్నది. ఒక కుట్టుమిషను, గోడకి ఆనించిన రెక్సిను చుట్టలు, మూలన ఫోము దిమ్మలు, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఏ కారులోంచో ఊడదీసిన సీటు. పక్కది తమ్ముడి నంబరు ప్లేట్ల కొట్టు. ఒకప్పుడు రెండూ కలిపి తండ్రి కొట్టే. అక్కాతమ్ముళ్లు మధ్యలో రేకు గోడ పెట్టుకున్నారు గానీ, ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది.

తండ్రి నేర్పిన అలవాటు ఒకటి ఆమె ఎన్నడూ తప్పలేదు. సీటు బిగించే ముందు ఫోము అడుగున చెరగని మార్కరుతో రాస్తుంది: తేదీ, బండి నంబరు, తెచ్చినది ఎవరు. ప్రత్యేకంగా ఏదైనా చేయమంటే అదీ రాస్తుంది. "నడుం నొప్పి మనిషి, ముందువైపు మెత్తగా." "కాళ్లు అందవు, అంగుళం తగ్గించాం." రాశాక గమ్ము పూసి, పైన పల్చటి తెల్లగుడ్డ అంటించి, అప్పుడు ప్లేటు బిగిస్తుంది. చివర్న రెక్సిను మడత దగ్గర ఎర్రదారంతో మూడు కుట్లు వేస్తుంది. అది ఆమె సంతకం. ఏడాది తర్వాత ఎవరైనా వచ్చి "నిన్నగాక మొన్న కుట్టారు, అప్పుడే దిగిపోయింది" అని గొడవకి దిగితే ఆమె వాదించదు. నోరు లేక కాదు సుమా! సీటు విప్పి, గుడ్డ పీకి, ఫోము తిరగేసి ముందు పెడుతుంది. "నాతో ఎందుకండీ, దీంతో మాట్లాడుకోండి" అంటుంది.

అలా ఎందరి నోళ్లో మూయించిన ఆ రాత ఒకరోజు ఆమె నోరే మూయించింది.

ఆ పొద్దున ముసురు పట్టి ఉంది. ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకునే ల్యాబు అమ్మాయి ఒకతె స్కూటర్ తోసుకుంటూ వచ్చింది. ముప్ఫై దాటి ఉంటుంది. భుజాన నీలం పెట్టె, మొహాన నిద్రలేమి.

"అక్కా, కూర్చుంటే చాలు సీటులోంచి నీళ్లు ఊరుతున్నాయి. తడిసిన బట్టలతో పేషెంట్ల ఇంటికెళ్తే, సూది గుచ్చేది నేనైనా వాళ్లు నన్నే జాలిగా చూస్తున్నారు."

"కూర్చో తల్లీ, పది నిమిషాల్లో చూసేద్దాం" అంది దబ్బనం.

సీటు తిప్పగానే మడత దగ్గర ఎర్రదారం కనిపించింది. తన కుట్టే. ఈ పిల్ల ఎప్పుడూ కొట్టుకి వచ్చినట్టు గుర్తు లేదే అనుకుంటూ పిన్నులు పీకింది. ప్లేటు లేచింది. ఫోములో చక్కగా, అంచులు నున్నగా తొలిచిన గుంట ఒకటి, అందులో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. దానికో సన్నటి వైరు. తడికి తెల్లగుడ్డ సగం లేచి ఉంది. మిగతాది లాగింది. గమ్ము పొరని ఫోము మీదే వదిలేసి గుడ్డ వచ్చేసింది. అడుగున తన చేతిరాత.

తేదీ, నాలుగు నెలల కిందటిది. బండి నంబరు. "తెచ్చినది: భర్త. చిన్న డబ్బా పెట్టాం. ఆవిడకి చెప్పొద్దన్నాడు."

దబ్బనానికి నోట మాట రాలేదు. బజారులో ఎవరైనా చూసి ఉంటే ఆ రోజు తేదీ గోడ మీద రాసిపెట్టుకునేవారు.

అప్పుడంతా గుర్తొచ్చింది. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. "మా ఆవిడ బండండీ. ఈ మధ్య బండ్లు తెగ పోతున్నాయి కదా, ఇది పెడితే ఎక్కడుందో నా ఫోనులో తెలుస్తుంది. తనకి చెప్పకండి, దొంగల మాట వింటేనే కంగారు పడిపోతుంది." ఎంత మంచి మొగుడు అనుకుని ఆమె మురిసిపోయింది. మురిసి ఊరుకుందా! కూర్చుంటే ఒత్తుకోకుండా గుంట తొలిచింది, అంచులు గీకింది, పైన మెత్తటి ముక్క అతికింది. కూర్చున్న మనిషికి ఏమాత్రం తెలియకూడదని పనితనమంతా చూపించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఆసుపత్రిలో లిఫ్టు నడిపే తన మొగుణ్ని పట్టుకుని దులిపింది కూడా. "ఆ మనిషికి పెళ్లాం మీద ఎంత ధ్యాసో చూడు! నువ్వూ ఉన్నావు, నేనెక్కడ చచ్చానో కూడా అడగవు." ఆయన పాపం, రోజంతా పైకీ కిందకీ తిరిగి వచ్చినవాడు, నవ్వి ఊరుకున్నాడు.

"ఏంటక్కా అది?" అంది ల్యాబు అమ్మాయి, లేచి దగ్గరికొస్తూ.

ఫోము తిరగేసి పక్కన పెట్టేయొచ్చు. ఏదో వైరులే అని డబ్బా జేబులో వేసుకోవచ్చు. ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? కానీ దబ్బనం జన్మలో రాసింది దాచిన మనిషి కాదు.

"ట్రాకర్. నువ్వు ఎక్కడికెళ్తే అక్కడ ఉన్నావని చెప్పేది. మీ ఆయన తెచ్చాడు. పెట్టింది నేను."

ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. "మీరా?"

"నేనే. దొంగల భయం అన్నాడు, నమ్మాను. నీకు చెప్పొద్దంటే సరేనన్నాను."

"బండి నాదక్కా! నా జీతంతో కొనుక్కున్నాను. కాగితాల్లో నా పేరుంది. ఒక్కసారి, ఒక్కసారి నన్ను అడగాలనిపించలేదా మీకు?"

అప్పుడు పడింది దెబ్బ. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల సీట్లు కుట్టిందో, తెచ్చినది ఎవరని ప్రతిసారీ రాసింది గానీ, బండి ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో ఆమెకి తల ఎత్తాలనిపించలేదు.

ల్యాబు అమ్మాయి కారు సీటులో కూలబడి, ఏడుస్తూ కాదు, కోపంతో చెప్పుకొచ్చింది. నాలుగు నెలలుగా ఇంటికి వెళ్లగానే ప్రశ్నలు. ఆ వీధిలో ఇరవై నిమిషాలు ఎందుకు ఆగావు? ఆ ఇంట్లో ఎవరుంటారు? ముసలాయనకి నరం దొరక్క ఆలస్యమైతే దానికో రాద్ధాంతం. ఫోనులో ఏదో పెట్టాడనుకుని ఫోను మార్చింది. ఫోను ల్యాబులో వదిలేసి తిరిగింది. అయినా అన్నీ చెప్పేస్తున్నాడు. "నాకు పిచ్చెక్కిందనుకున్నానక్కా. గోడలు కూడా ఆయనకి చెబుతున్నాయేమో అనుకున్నాను. అదే మాట మా అమ్మతో అంటే డాక్టరుకి చూపిద్దామంది."

దబ్బనానికి ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి మీద కొంత, తన మీద అంతకంటే ఎక్కువ. బ్యాటరీ దగ్గర వైరు లాగేసి, ఆ అమ్మాయిని ఫోను తీయమంది. "ఫొటోలు తీసుకో. రాతతో సహా. తీసుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్లు."

గంటలో ఎస్సై ఫోను చేసింది. ఆడమనిషే, స్పీకరులో వినిపించే గొంతులో తొందర లేదు.

"అమ్మా, ఉన్నదున్నట్టు చెబుతున్నా వినండి. ఆర్నెల్ల కిందట మన రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. ఒకరికి తెలియకుండా వాళ్ల కదలికలు కనిపెట్టే వస్తువు పెట్టడం నేరం. మొగుడైనా సరే, కన్నవాళ్లయినా సరే. ఏడాది వరకు జైలు. నాకు ఎవరు పెట్టించారో కావాలి, ఆమెకి తెలియకుండా పెట్టించారనీ కావాలి. ఆ రెండూ మీ రాతలో ఉన్నాయి."

"ఇంకేం, వచ్చి పట్టుకెళ్లండి."

"పూర్తిగా వినండి. పెట్టించినవాళ్లకే కాదు, ఆమెకి చెప్పలేదని తెలిసి పెట్టినవాళ్లకీ అదే సెక్షన్. 'ఆవిడకి చెప్పొద్దన్నాడు' అన్న మాట ఆయన్ని ఎలా పట్టిస్తుందో, మిమ్మల్నీ అలాగే పట్టిస్తుంది. రేపు పొద్దున పంచనామాకి వస్తాను. అంతవరకు సీటు కదపకండి."

ఫోను పెట్టేసేసరికి రేకు గోడ అవతల బ్రష్షు చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు బ్లేడు పట్టుకుని వచ్చేశాడు.

"అక్కా, ఒక్క వాక్యం. చివరి వాక్యం గీకేస్తే పోలా? మొగుడు తెచ్చాడని మిగతా రాత చెబుతుంది. వాడు ఇరుక్కుంటాడు, నువ్వు బయటపడతావు."

"ఆమెకి తెలిసే పెట్టించానంటాడు. అప్పుడు?"

"అది వాళ్ల మొగుడూ పెళ్లాల గొడవ."

"ఆవిడ ఫొటో తీసింది. అందులో రాత మొత్తం ఉంది."

"ఫోనులో ఫొటోలు ఎలాగైనా మారుస్తారు, వకీళ్లు నమ్మరులే. అసలు ఫోము ఏది అంటారు. ముక్క ఊడిందేమంటే ఎలకలు కొరికాయని చెప్పు."

"ఎలకలకి చదువొచ్చట్రా, ఏరికోరి ఆ వాక్యమే కొరకడానికి?"

తమ్ముడికి నవ్వొచ్చింది గానీ వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. "నవ్వులాట కాదక్కా. జైలంటే జైలు. నాన్న పేరు మీదున్న కొట్టు ఇది."

"నాన్న నేర్పిన రాతేరా అది" అంది దబ్బనం. "మంచి మాటొస్తే చూపించి, చెడ్డ మాటొస్తే గీకేస్తే, ఇన్నేళ్లూ నేను జనం మొహాన కొట్టిన ఫోములకి విలువేముంది? బ్లేడు లోపల పెట్టు, చెయ్యి తెగుతుంది."

సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వచ్చింది. ఎలా వచ్చాడంటారా? అతని ఫోనులో బండి చుక్క పొద్దుట్నుంచి ఈ కొట్టు దగ్గరే ఆగిపోయి ఉంది మరి. లోపలికొచ్చి విప్పిన సీటు చూశాడు, కారు సీటులో కూర్చున్నాడు, నవ్వాడు.

"అక్కగారూ, మీరు మంచివారు. అందుకే చెబుతున్నా. పెట్టిన చేతులు మీవి. నాకు ఏడాది పడితే మీకూ పడుతుంది. కొత్త ఫోము వేసి కుట్టేయండి, ఈ పాతది నాకిచ్చేయండి. మీకు నేనూ, నాకు మీరూ."

"మీకు నేనేంటయ్యా, మనం వియ్యంకులమా?"

అతని నవ్వు కాస్త చిక్కిపోయింది. "భార్య క్షేమం కనుక్కోవడం నేరమా చెప్పండి. ప్రేమ ఉండబట్టే కదా."

"ప్రేముంటే పక్కన కూర్చోవాలి. సీటు కింద దూరి కూర్చుంటారా ఎవరైనా?"

అంతే, మెత్తటి మాట పోయింది. లేచి ఫోము మీద చెయ్యి వేశాడు. దబ్బనం బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుంది. ఎత్తలేదు, బెదిరించలేదు, ఊరికే చేతిలో పట్టుకుని నిలబడింది. "నాలుగు నెలల కిందట నన్ను నమ్మించావు, నీ తెలివి. ఇవాళ భయపెడదామని వచ్చావు, అది నీ తెలివితక్కువ. చెయ్యి తియ్యి." రేకు గోడ పక్కనుంచి తమ్ముడూ, టైర్ల కొట్టువాళ్లూ గుమ్మంలోకి వచ్చారు. అతను చొక్కా సర్దుకుని, కోర్టులో చూస్తానంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత గానీ ఆమె కత్తెర కింద పెట్టలేదు.

అతను మళ్లీ వస్తాడేమోనని, ఎస్సైకి ఫోను చేసి చెప్పి, ఆ పూట సీటుని కొట్టులో వదల్లేదు. దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టింది. ఆమె మొగుడు భోజనం చేస్తూ మొత్తం విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు, "నువ్వెక్కడున్నావో నేనెప్పుడూ అడగలేదని ఆ రోజు తిట్టావు."

"తిట్టాను. బుద్ధి తక్కువై తిట్టాను."

"అడగక్కర్లేదనుకున్నా, అంతే. రేపు మాత్రం చెబుతున్నా, నీ వెనకే ఉంటా. లిఫ్టుకి సెలవు పెట్టేస్తా."

దబ్బనం అప్పుడు ఏడ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఎదుట ఆమె ఏడవడం అది రెండోసారి.

పొద్దున్నే ఎస్సై ఇంటికే వచ్చింది. ఇద్దరు సాక్షుల్ని పెట్టి, సీటు ప్లేటు, రెక్సిను, ఫోము, గుడ్డ, డబ్బా, వైరు వరసగా రాయించి, సంచిలో వేసి సీలు చేయించింది. "ఆఖరి వాక్యం కూడా కాగితంలో ఎక్కిందా?" అని దబ్బనం రెండుసార్లు అడిగింది. ఎస్సై ఆ వరస మీద వేలు పెట్టి చూపించి, "ఎక్కిందమ్మా" అంది.

కేసు కోర్టుకి రావడానికి ఏడు నెలలు పట్టింది. అంతవరకు ల్యాబు అమ్మాయి పుట్టింట్లో ఉంది. సీటు కోర్టు గదిలో ఉంటే, బండి మీద చెక్కపలక కట్టి, దాని మీద పాత బొంత పరుచుకుని తిరిగింది. దబ్బనం ఊరికే కొత్త సీటు బిగిస్తానంటే వద్దంది. "ఇంకా మీ మీద కోపం పోలేదక్కా" అని మొహం మీదే చెప్పింది.

దబ్బనం సాక్షిగా బోనులో నిలబడ్డ రోజు మేజిస్ట్రేటుగారు ముందే చెప్పారు. "చూడమ్మా, మీ మీదకి నేరం వచ్చే ప్రశ్నకి మీరు జవాబివ్వక్కర్లేదు. మాట్లాడకుండా ఉండే హక్కు మీకుంది."

"అలవాటు లేదండీ" అంది దబ్బనం. వెనక బెంచీలో తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. మేజిస్ట్రేటుగారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు.

ఇస్త్రీ చొక్కా తరఫు వకీలు లేచాడు. "ఈ రాత మీరు తర్వాత రాశారు. నా క్లయింటు భార్యతో కుమ్మక్కై రాశారు. అవునా?"

"కాదండీ. ఆ ఫోము ఇలా తీసుకురండి, చూపిస్తాను." తెచ్చారు. "రాత కింద ఉంది. దాని మీద గమ్ము పొర చూశారా, పసుపుపచ్చగా గట్టిపడింది. ఆ గమ్ము మీద గుడ్డ అచ్చు దిగింది, నేత గళ్లు కూడా కనిపిస్తాయి. తర్వాత రాస్తే సిరా గమ్ము మీద ఉండాలి, కింద ఉండదు. ఏ సీట్ల కొట్టువాణ్ని పిలిచి అడిగినా ఇదే చెబుతాడు."

వకీలు గొంతు పెంచాడు. "సరే. అయితే, ఆవిడకి చెప్పలేదని తెలిసే మీరు ఆ పరికరం పెట్టారు. అంటే మీరూ నేరం చేశారు. ఒప్పుకుంటారా?"

ఆ ప్రశ్నతో ఆమె వెనక్కి తగ్గుతుందనుకున్నాడు. మేజిస్ట్రేటుగారు మళ్లీ హెచ్చరించబోయారు. దబ్బనం ఆగలేదు.

"ఒప్పుకుంటానండీ. అదే కదా నేను చెప్పేది! అబద్ధమే రాయాలనుకుంటే నన్ను జైల్లో పెట్టే మాట నేనెందుకు రాసుకుంటాను? ఒక్క గీత గీకేసి ఉంటే ఇవాళ నేను సాక్షిని, అంతే. నేను గీకలేదు. ఆయన నాతో అన్నాడు, నేను విన్నాను, నా చేత్తో రాశాను, నా చేత్తోనే ఆ పిల్ల కింద ఆ డబ్బా పెట్టాను. నాలుగు నెలలు ఆమె తనకి పిచ్చెక్కిందనుకుందటండీ. ఆ పాపంలో నా వాటా నేను తీసుకుంటాను. ఆయన వాటా కూడా నా నెత్తిన పెడతామంటే మాత్రం ఊరుకోను."

అని, ఫోము రెండు చేతులా ఎత్తి పట్టుకుని, తేదీ దగ్గర్నుంచి ఆఖరి మాట దాకా పైకి చదివింది.

అతనికి ఎనిమిది నెలల జైలు పడింది. ఆమె మీద విడిగా పెట్టిన కేసులో నేరం ఒప్పుకుంది కాబట్టి జైలు లేదన్నారు. ఏడాది పాటు నెలకోసారి స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి పెన్ను సరిగా పడకపోతే తన మార్కరు తీసి, రిజిస్టరులో పేజీ అవతలికి దిగేలా సంతకం పెట్టి వచ్చింది. అప్పట్నుంచి ఆమె వస్తోందంటే పెన్నులు ముందే చూసి పెడుతున్నారు.

కొట్టు ముందు ఇప్పుడో బోర్డు ఉంది. తమ్ముడే రాశాడు, నంబరు ప్లేటుకి వాడే నల్ల అక్షరాలతో: "బండి ఎవరిదో వాళ్లు ఎదురుగా ఉంటేనే సీటు విప్పబడును." దానివల్ల బేరాలు కొన్ని పోయాయి. కూతురి బండి, తమ్ముడి బండి, పనిమనిషి బండి అంటూ డబ్బాలు జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నారా అని ఆమెకే ఆశ్చర్యం. "పిలుచుకురా, అడుగుదాం" అంటుంది. ఒక్కడూ మళ్లీ రాడు.

కోర్టు సీటు తిరిగి ఇచ్చాక, ఒక ఎండపూట ల్యాబు అమ్మాయి చెక్కపలక మీదే బండి నడుపుకుంటూ వచ్చింది. పాత ప్లేటు కింద పెట్టింది. "కొత్త ఫోము వెయ్యక్కా" అంది. వెళ్లి కూర్చోకుండా బల్ల పక్కనే నిలబడి, కోత దగ్గర్నుంచీ కళ్లు తిప్పకుండా చూసింది. దబ్బనం ఫోము కోసింది, తిరగేసింది, మార్కరు మూత తీసింది. తీసి, మార్కరుని ఆ అమ్మాయి చేతికిచ్చింది.

ఆ అమ్మాయి వంగి, సూది పట్టే చేత్తో జాగ్రత్తగా రాసింది. తేదీ. నంబరు. "బండి: నాది. తెచ్చినది: నేనే. లోపల ఏమీ లేదు, చూశాను."

దబ్బనం అది చదువుకుని గమ్ము డబ్బా అందుకుంది.